రౌతు కొద్దీ గుర్రం: సామెత అర్థం గురించి

మొన్న ఒకరు ఈ సామెతకి "యజమాని గట్టిగా ఉంటేనే పనివాళ్లు మాట వింటారు" అని అర్థం రాస్తే చాలామంది సరేనన్నారు. నాకు అది ఒప్పుదల కాలేదు. ఆ అర్థం పక్క సామెతది: "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది." రెండింట్లోనూ రౌతు, గుర్రం ఉన్నాయని కలిపేస్తున్నాం.

"కొద్దీ" అంటే అంత మేరకు అని. శక్తి కొద్దీ, ఓపిక కొద్దీ, పిండి కొద్దీ రొట్టె. ఇందులో కొట్టమనీ లేదు, బుజ్జగించమనీ లేదు. రౌతుకి ఎంత పని తెలిస్తే గుర్రంలోంచి అంత పని బయటికొస్తుంది, అంతే.

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారిణి రోజా బొనర్ గీసిన "గుర్రాల సంత" తైలవర్ణ చిత్రం చూస్తే నాకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, వెడల్పు 5 మీటర్లు దాటుతుంది. పారిస్‌లో సాల్‌పెత్రియేర్ ఆసుపత్రి దగ్గర అప్పట్లో జరిగిన సంత అది. బొమ్మలో ఎడమపక్క దూరంగా ఆ ఆసుపత్రి గుమ్మటం కనిపిస్తుంది. బొనర్ ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్లి స్కెచ్‌లు వేసుకుంది. ఎవరి కళ్లూ తన మీద పడకుండా మగవాళ్ల బట్టలు వేసుకునేది. 1853లో సలోన్ అనే పారిస్ చిత్రకళా ప్రదర్శనలో పెట్టాక కూడా 1855 దాకా దిద్దుతూనే ఉంది.

అంత పరిశీలన ఊరికే పోలేదు. ఎడమవైపు బూడిదరంగు చుక్కల పెర్షెరాన్ గుర్రాల పిర్రలు చూడండి, కండ ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదిలిందో తెలిసిపోతుంది. తోకలు పైకి ముడివేసి ఉన్నాయి. బరువులు లాగే జాతి ఇది. మనం దేవుడి వాహనంగా చూసే సన్నపాటి గుర్రం కాదు. అవి చెప్పినట్టే నడుస్తున్నాయి. వాటి పక్కనే, సరిగ్గా మధ్యలో, ఒక నల్లది, ఒక తెల్లది ముందుకాళ్లు లేపేశాయి. అదే సంత, అదే దుమ్ము, అదే గోల.

—మరి లేచిన గుర్రాల దగ్గరున్నవాళ్లు చేతకానివాళ్లనా అండీ? మీ లెక్క ప్రకారం అంతేగా?

కాదండీ. అమ్మకానికి తెచ్చిన గుర్రానికి రౌతు ఇంకా రాలేదు. ఆ పూట పగ్గం పట్టినవాడు, ఎక్కి నడిపి చూపించేవాడు వేరు. రోజూ దానితో మెలిగి, దాని నడక తెలిసిన రౌతు వేరు. సామెత మాట్లాడేది ఆ రెండోవాడి గురించి. బొనర్ కూడా ఆ మనుషుల్ని చేతకానివాళ్లలా గీయలేదు. ఒళ్లంతా వెనక్కి వాల్చి పగ్గం బిగబట్టే మనిషి శ్రమని గుర్రం కండలంత శ్రద్ధగానే గీసింది. నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా నచ్చేది అదే.

—పగ్గం పట్టి నడిపించేవాణ్ణి తెలుగులో ఏమంటాం? సాహిణి అనొచ్చా?

సాహిణి పెద్ద మాట. కాకతీయుల కాలంలో అది సేనలో హోదా, ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయపని గజసాహిణి అనేవారు. సంతలో మనిషికి అతకదు. నేనైతే "గుర్రాలవాడు" అనే రాస్తాను. మీ ఊళ్లలో జట్కాలు తోలినవాళ్లు ఉంటే అడిగి చెప్పండి, వాళ్ల నోట ఏ మాట ఉందో తెలుసుకోవాలని ఉంది.