డబ్ల్యూజీటీ గోల్ఫ్‌లో ప్రీమియం క్లబ్బులు కొనడం దండగా?

మియాపూర్_బర్డీ:
డబ్ల్యూజీటీ (వరల్డ్ గోల్ఫ్ టూర్ అనే ఆన్‌లైన్ గోల్ఫ్ గేమ్)లో ప్రో టియర్‌లో (ఆటగాళ్ల శ్రేణి) ఉన్నా, ఇంకా మొదట్లో ఇచ్చే స్టార్టర్ క్లబ్బుల సెట్టే. పార్-5లో (ఐదు షాట్లలో ముగించాల్సిన పొడవైన హోల్) రెండో షాట్‌కి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) అందట్లేదు, గ్రీన్ మీద కొట్టే పది అడుగుల పట్‌లు కూడా జారిపోతున్నాయి. ముందు డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) తీసుకోవాలా? ఫోన్‌లోనే ఆడతా, ఎక్కువగా మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రోలో.

వెడ్జ్_వాలా:
అన్నా, ఈ గేమ్‌లో లెవెల్ వేరు, టియర్ వేరు. లెవెల్ ఎక్స్‌పీతో (ఆడేకొద్దీ వచ్చే పాయింట్లు) పెరుగుతుంది, దాన్నిబట్టే షాప్‌లో క్లబ్బులు తెరుచుకుంటాయి. టియర్ మాత్రం సగటు స్కోర్‌ని బట్టి మారుతుంది. టియర్ ఎక్కేకొద్దీ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) వెనక్కి జరుగుతుంది, గ్రీన్లు స్పీడవుతాయి. మంచి డ్రైవర్ కొని స్కోర్ తగ్గించుకుంటే గేమ్ మిమ్మల్ని ఇంకా పొడవైన టీకి నెడుతుంది. అక్కడ మీ పాత ఐరన్స్ (మధ్య దూరాల క్లబ్బులు) సరిపోవు. అందుకే డ్రైవర్ ఒక్కటే కొనడం నాకు నచ్చదు. దగ్గర్లో లెవెల్ పెరిగేలా ఉంటే ఆగండి, ఇంకా మంచి సెట్ తెరుచుకోవచ్చు.

కొనేముందు గ్యాప్ లెక్క, అంటే ఒక్కో క్లబ్ దూరానికి మధ్య తేడా కూడా చూసుకోవాలి. కొత్త పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) 130 గజాలు వెళ్లి, కింద ఉన్న వెడ్జ్ 90 దగ్గరే ఆగితే 110 గజాల షాట్‌కి ఫుల్ స్వింగ్ ఉండదు. పెద్ద వెడ్జ్‌ని మీటర్‌లో (షాట్ బలం చూపే పట్టీ) 85 శాతం దగ్గర ఆపాలి. ఆ షాట్‌కి బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగే తిప్పుడు) తగ్గి, గట్టి గ్రీన్ మీద బంతి ఆగకుండా ముందుకి దొర్లిపోతుంది.

పట్టర్_పిచ్చి:
మీ పట్‌ల గొడవకి డ్రైవర్‌తో సంబంధమే లేదు. పట్టర్ (పట్ కొట్టే క్లబ్) మీటర్ స్కేల్, అంటే నిండు మీటర్‌కి ఎన్ని అడుగులో, ఎంతలో పెడుతున్నారు? 100 అడుగుల స్కేల్‌లో ఒక్క అడుగు మీటర్‌లో 1 శాతమే, వేలు కొంచెం ఆలస్యమైనా పట్ రెండు మూడడుగులు దాటిపోతుంది. మీ పది అడుగుల పట్ 25 అడుగుల స్కేల్‌లో 40 శాతం దగ్గర పడుతుంది, ఒక్కో అడుగుకి 4 శాతం జాగా దొరుకుతుంది. చిన్న స్కేళ్లు ఎక్కువున్న పట్టర్‌కే నా ఓటు.

తర్వాత బాల్స్. మీటర్ నెమ్మదిగా కదిలే బాల్ తీసుకుంటే డింగ్ కొట్టడం (మీటర్‌ని సరిగ్గా గీత మీద ఆపడం) తేలికవుతుంది. కానీ బాల్స్ అరిగిపోతాయి, నీళ్లలో పడితే పోయినట్టే. ప్రాక్టీస్‌కి ఫ్రీ బాల్ వాడి, కొన్నది టోర్నీకి దాచండి.

గచ్చిబౌలి_గ్రీన్స్:
మెట్రోలో ఆడేవాళ్లు ఫోన్ సంగతి కూడా చూసుకోవాలి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ రిఫ్రెష్ తగ్గి మీటర్ ఎగిరెగిరి కదులుతుంది. మీరు చూసిన చోట గీత ఉండదు. అది ఆఫ్ చేసి, వెనక యాప్‌లు మూసి, అప్పుడు మీ డింగ్‌లు లెక్కపెట్టండి. ఫర్గివ్‌నెస్ (గురి తప్పినా సర్దుకునే గుణం) ఎక్కువున్న క్లబ్ కాస్త తప్పిన మీటర్‌ని కాస్తుంది, ఫోన్ జర్క్‌ని కాయదు.

మియాపూర్_బర్డీ:
స్కేల్ 100లోనే ఉందండి! పట్టర్, బాల్స్ మాత్రం తీసుకుంటా. పైసలు అదుపులో ఉండాలంటే?

గచ్చిబౌలి_గ్రీన్స్:
కార్డ్, యూపీఐ ప్లే స్టోర్‌కి తగిలించకండి. నెలకు ఇంత అనుకుని గూగుల్ ప్లే రీఛార్జ్ కోడ్ కొని వేసుకోండి, అది అయిపోతే అంతే. ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా సెట్టింగ్ పెట్టండి. పొరపాటున కొంటే 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగండి, ఈలోపు ఆ క్రెడిట్స్ (డబ్బుతో కొన్న గేమ్ కరెన్సీ) ముట్టుకోవద్దు.