పాప ఏడుపు ఆగట్లేదు, నిన్న రాత్రి నా చేతులంటే నాకే భయమేసింది

కొత్తనాన్న_మియాపూర్:

అందరికీ నమస్తే. పాప పుట్టి ఇవాళ్టికి 39 రోజులు. మాది సిద్దిపేట, ఉండేది మియాపూర్‌ల. అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి నా భార్య పుట్టింటికి పోలేదు. మా అమ్మ పదిహేను రోజులుండి నాట్ల టైమని ఊరికి పోయింది. ఇప్పుడు ఇంట్ల మేమిద్దరమే.

సాయంత్రం ఆరున్నర అయితే చాలు, పాప మొదలుపెడ్తది. పాలు తాగుతది, డైపర్ మారుస్తం, జ్వరం లేదు. డాక్టర్‌కు చూపిస్తే బరువు మంచిగ పెరుగుతుంది, ఏం లేదన్నరు. అయినా తొమ్మిది దాకా ముఖం ఎర్రగ చేసుకొని, కాళ్లు ముడుచుకొని ఒకటే ఏడుపు.

నిన్న నా భార్య స్నానానికి పోయింది. పాప చంకల కింద రెండు చేతులు పెట్టి ఎత్తుకున్న. ఇరవై నిమిషాలు తిప్పిన, పాడిన, ఫ్యాన్ చూపించిన. చివరికి "ఇగ ఆపవా" అని గట్టిగ అరిచిన. ఆ అరుపుతోని నా చేతులు బిగుసుకున్నయ్. ఊపలేదు. ఇంకొక్క క్షణం అట్లనే ఉంటే ఊపేటోణ్ణేమో. పాపను మంచం మీద పడుకోబెట్టి బాల్కనీలకు పోయి నిలబడ్డ. నా భార్యకు ఇంకా చెప్పలేదు.

చిన్నపిల్లల్ని ఊపితే మెదడుకు దెబ్బ తగులుతదని రాత్రి చదివిన. నిజమేనా? ఉయ్యాల ఊపినా అంతేనా? డిశ్చార్జి రోజు టీకాల కార్డు ఇచ్చిన్రు, బొడ్డు ఎట్ల చూసుకోవాలో చెప్పిన్రు. దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

గుంటూరు_నర్సు:

తమ్ముడూ, నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. పిల్లల వార్డులో 19 ఏళ్లు చేశాను, అందులో ఆరేళ్లు ఇంగ్లండ్‌లో. పాపను దించేసి బాల్కనీలోకి వెళ్లావు చూడు, అక్కడ మేం తల్లిదండ్రులకు నేర్పింది అచ్చంగా అదే. ఐకాన్ అని ఒక కార్యక్రమం ఉంది. అందులో చెప్పేవి నాలుగే మాటలు: పసిపిల్లలు ఏడవడం మామూలే, ఊరుకోబెట్టే పద్ధతులు ప్రయత్నించు, తట్టుకోలేకపోతే పాపను దించి పక్కకు వెళ్లు, ఎప్పుడూ ఏ కారణంతోనూ ఊపొద్దు.

ఊపితే దెబ్బ తగులుతుందన్నది నిజం. పసిపాప ఒంటి పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. ఆ తలను మోసే మెడకు ఇంకా బలం ఉండదు. చంకల కింద పట్టుకుని గట్టిగా ఊపితే తల ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, లోపల మెత్తటి మెదడు కదిలిపోతుంది, మెదడు మీది సన్నని రక్తనాళాలు తెగుతాయి. కంటి వెనక రెటీనాలోనూ రక్తం చేరుతుంది. కొన్ని సెకన్లు చాలు. పైకి చిన్న గీత కూడా కనపడకపోవచ్చు. ఉయ్యాల ఊపడం, ఒళ్లో ఆడించడం, ఆటో గతుకుల్లో పోవడం ఇలాంటివి కావు. వాటికి భయపడకు.

1971లో ఇంగ్లండ్‌లోని హల్ ఊళ్లో గుత్‌కెల్చ్ అనే మెదడు సర్జన్ ఈ సంగతి రాశారు. పిల్లల్ని కొట్టడం కన్నా పట్టుకుని ఊపడం నయమని అక్కడి వాళ్లు అనుకునేవారట. మన దగ్గరా ఆ మాట విన్నాను, "కొట్టలేదు మేడమ్, ఊరికే ఊపాను" అని. మా వార్డుకు రెండు నెలల బాబును తెచ్చారు. పాలు తాగట్లేదు, వాంతులు, మాడు ఉబ్బి ఉంది. మూడో రోజు రాత్రి ఆ తండ్రి వరండాలో నా దగ్గరకొచ్చి చెప్పాడు. తాగుబోతు కాదు, దుర్మార్గుడు కాదు. నైట్ డ్యూటీ చేసి వచ్చి రెండు రోజులుగా నిద్ర లేదు. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ బాబుకు ఇవాళ చూపు ఉండేదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక ఏడుపు సంగతి. 1962లో బ్రేజెల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 80 మంది పసివాళ్ల ఏడుపును వాళ్ల తల్లుల చేత రోజూ రాయించారు. ఆరో వారానికి అది రోజుకు సుమారు రెండుముప్పావు గంటలకు చేరింది, ఆ తర్వాత తగ్గింది. ఎక్కువ ఏడ్చేది సాయంత్రాలే. నీ పాపకు 39 రోజులంటే ఆరో వారమే కదా! నువ్వు సరిగ్గా శిఖరం మీద ఉన్నావు. మూడు నాలుగు నెలలకు చాలావరకు దిగిపోతుంది. పాపలో లోపం లేదు, నీ పెంపకంలోనూ లేదు.

నన్ను బాధపెట్టేది నువ్వు చివర్లో రాసిన మాట, డిశ్చార్జి రోజు దీని గురించి ఎవరూ చెప్పలేదన్నది. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో చుట్టుపక్కల 1998 చివర్లో డాక్టర్ మార్క్ డయాస్ ఒక పని మొదలుపెట్టారు. ఇంటికి పంపే ముందే తల్లికీ తండ్రికీ ఒక చిన్న వీడియో చూపించి, విషయం చెప్పి, అర్థమైందని సంతకం తీసుకోవడం. అయిదున్నరేళ్లలో ఇలాంటి దెబ్బలు 47 శాతం తగ్గాయి. తర్వాత పెన్సిల్వేనియా అంతటా అదే చేస్తే తల్లిదండ్రులకు తెలిసింది గానీ ఆస్పత్రిలో చేరే పిల్లలు తగ్గలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కాన్పు దగ్గర ఒకసారి, నర్సు ఇంటికి వెళ్లినప్పుడు మరోసారి, ఊరందరికీ ఇంకోసారి చెప్పారు. అక్కడ 35 శాతం తగ్గాయి. నాకర్థమైంది ఇంతే: కాన్పయిన రెండో రోజు నిద్రమత్తులో విన్నది ఆరో వారం రాత్రికి గుర్తుండదు. మళ్లీ చెప్పాలి.

మన దగ్గర దారి లేక కాదు. ఆశా కార్యకర్తలు మూడో రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికి రావాలి. ఆ ఆఖరి రాక సరిగ్గా ఏడుపు ఉధృతంగా ఉండే రోజుల్లోనే పడుతుంది. అక్కడ ఈ నాలుగు మాటలు చేరిస్తే ఎంత ఖర్చు? ఇంకోటి, డిశ్చార్జి రోజు మేం చెప్పేదంతా బాలింతకూ వాళ్లమ్మకూ చెబుతాం. తండ్రి బిల్లు కౌంటర్ దగ్గర ఉంటాడు. బయటి దేశాల కేసుల్లో ఎక్కువగా కనపడింది తండ్రులు, ఇంట్లోని మగవాళ్లే. చెప్పాల్సిన మనిషికే చెప్పట్లేదు మనం. పుట్టింట్లో నాలుగు చేతులు ఉండేవి, ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకునేవారు. నీ ఇంట్లో ఆ చేతులు లేవు, కాబట్టి ముందే అనుకోవాలి.

ఇవాళే నీ భార్యకు చెప్పు. తనకూ అలాగే అనిపించి ఉండొచ్చు. "నా వల్ల కావట్లేదు" అని ఎవరన్నా రెండోవాళ్లు వెంటనే అందుకోవాలి, ప్రశ్నలు లేవు. ఒక్కడివే ఉంటే నేల మీద పరుపు వేసి, చుట్టూ దిండ్లూ దుప్పట్లూ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్లు. అయిదు పది నిమిషాలకొకసారి చూడు. ఆ కాసేపు ఏడిస్తే పాపకేం కాదు. మనసు మరీ బాగాలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడైనా ఎవరైనా ఊపారని అనుమానం వస్తే, పాప మందకొడిగా ఉన్నా, వాంతులు, ఫిట్స్, ఊపిరి తేడా కనపడినా 108కి చెయ్యి, డాక్టర్‌తో జరిగింది జరిగినట్టు చెప్పు. దాచిన ప్రతి గంటా పాపకే నష్టం.

అమ్మమ్మ_తణుకు:

అమ్మా నర్సుగారూ, మా వైపు నీళ్లు పోసే ఆవిడ నలుగు పెట్టాక బిడ్డను కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి రెండుసార్లు విదిలిస్తుందండి. నడుం సాగుతుందని మా అత్తగారి కాలం నుంచీ ఉంది. నా మనవడికీ చేస్తున్నారు. మా కోడలు వద్దంటే నేనే కోప్పడ్డాను. అది కూడా ప్రమాదమేనా? అబ్బాయీ, నీ పాపకు కాస్త వాము నీళ్లు పట్టించి చూడు.

గుంటూరు_నర్సు:

అమ్మా, మీ కోడలిదే సరైన మాట. మెడ నిలవని బిడ్డను అలా విదిలించకూడదు. నలుగు పెట్టుకోండి, కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయండి, అందులో తప్పేం లేదు. తలకిందులు చేయడం మాత్రం ఇవాళ్టితో ఆపించండి, ఆవిడతో మీరే చెప్పండి, పెద్దవారి మాట వింటుంది. ఆరు నెలలు నిండే దాకా అమ్మపాలు తప్ప వాము నీళ్లూ తేనే ఏవీ వద్దు.

కొత్తనాన్న_మియాపూర్:

అక్కా, మధ్యాహ్నం నా భార్యకు చెప్పిన. తిడ్తదనుకున్న. ఏడ్చింది. మొన్న సోమవారం నేను ఆఫీసుల ఉన్నప్పుడు తను కూడా పాపను పడుకోబెట్టి వంటింట్ల తలుపేసుకుని కూర్చుందంట, నాకు చెప్తే ఏమనుకుంటనో అని చెప్పలేదంట. కింది ఫ్లోర్ ఆంటీకి మా ఇంటి తాళం చెవి ఇచ్చినం, ఏడింటికి అరగంట వచ్చి ఎత్తుకుంటానన్నది. నాలుగు మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించిన. అమ్మకు ఫోన్‌ల చదివి వినిపించిన, మా బావకు కూడా పంపిన, వాళ్లకు వచ్చే నెల కాన్పు.

ఆరు నలభై అయింది. మొదలుపెట్టింది. ఇయ్యాల మొదటి అరగంట నాది, పోతున్న.