హెచ్చరికలు మోగుతున్నా పైలట్లు ల్యాండింగ్‌ను ఎందుకు కొనసాగిస్తారు?

ప్రశ్న: గగనవీక్షకుడు

2010 మే 22న మంగళూరులో జరిగిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ప్రమాదంపై వచ్చిన విచారణ నివేదికను చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. విమానం ఉండవలసినదానికంటే చాలా ఎత్తులో ఉన్నది. గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి లేవడం) చేయమని ఫస్ట్ ఆఫీసర్ (సహపైలట్) మూడుసార్లు చెప్పారు. భూసామీప్య హెచ్చరిక వ్యవస్థ కూడా పదే పదే మోగింది. అయినా కెప్టెన్ దిగడానికే నిశ్చయించుకున్నారు, 158 మంది చనిపోయారు. అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు వచ్చే దశ) అస్థిరంగా ఉన్నదని తేల్చడానికి పైలట్లకు స్పష్టమైన కొలమానం ఉంటుందా? ‘పుల్ అప్’ (పైకి లేపు) అని వినిపించిన తరువాత ఆలోచించుకునే వెసులుబాటు వారికి ఎంతవరకు ఉంటుంది?

జవాబు: కుడిసీటు

కొలమానం ఉన్నది, అది అంకెలలోనే ఉన్నది. విమానాశ్రయ మట్టానికి 1000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి (వాతావరణం నిర్మలంగా ఉంటే కొన్ని సంస్థలలో 500 అడుగులకు) గేర్ (చక్రాలు), ఫ్లాప్‌లు (రెక్కల వెనుక అంచున తెరుచుకునే పలకలు) ల్యాండింగ్ స్థితిలో ఉండాలి, చెక్‌లిస్ట్ పూర్తి కావాలి, వేగం నిర్ణీత పరిమితిలో ఉండాలి, ఇంజన్లు తగిన థ్రస్ట్ (ముందుకు నెట్టే శక్తి) ఇస్తూ ఉండాలి, దిగే రేటు నిమిషానికి 1000 అడుగులు మించకూడదు. సాధారణ 3 డిగ్రీల వాలులో 140 నాట్ల (గంటకు సుమారు 260 కి.మీ.) వేగంతో వస్తున్న విమానం నిమిషానికి సుమారు 700 అడుగుల చొప్పున దిగుతుంది కాబట్టి, 1500 కనిపించిందంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. వేగం విషయంలో మరింత జాగ్రత్త అవసరం: 140కి బదులు 160 నాట్లతో నేలను తాకితే చలనశక్తి 30 శాతం పెరుగుతుంది, దానిని బ్రేకులు, మిగిలిన రన్‌వే కలిసి భరించాలి.

ఇంత స్పష్టత ఉన్నా, అస్థిరంగా సాగిన అప్రోచ్‌లలో గో అరౌండ్‌తో ముగిసేవి దాదాపు 3 శాతమేనని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం చెబుతోంది. మిగిలినవాటిలో అత్యధికం ఏ ఇబ్బందీ లేకుండా దిగిపోతాయి. ఎత్తుగా వచ్చినా, వేగంగా వచ్చినా చివరికి సరిపోయిందన్న అనుభవం పైలట్ మనసులో పేరుకుపోతుంది, తరువాతి సారి అదే ధైర్యమిస్తుంది. దానికి తోడు రన్‌వే కళ్లెదుట కనిపిస్తూ ఉంటుంది, దృష్టి అంతా దానిమీదే నిలుస్తుంది. 2007 మార్చి 7న ఇండోనేసియాలోని యోగ్యకర్తాలో గరుడ సంస్థ విమానం దాదాపు 221 నాట్ల వేగంతో నేలను తాకినప్పుడు జరిగింది ఇదే: అంతకుముందు 15 సార్లు హెచ్చరికలు మోగినా, ఎలాగైనా దిగాలన్న పట్టుదలలో కెప్టెన్ వాటిని పట్టించుకోలేదు. అందుకే నిర్ణయాన్ని ఆ క్షణానికి వదిలిపెట్టకూడదన్నది నా అభిప్రాయం. 1000 అడుగుల దగ్గర షరతులు నెరవేరకపోతే గో అరౌండ్ అని ముందే ఒప్పుకొని ఉండాలి, ఇద్దరిలో ఎవరు ఆ మాట అన్నా రెండోవారు వాదించకుండా అమలు చేయాలి. (ఆలస్యంగా దిగనిచ్చి, వేగం తగ్గించవద్దని చెప్పి మనల్ని ఆ స్థితికి తెచ్చేది చాలాసార్లు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలే, అయితే దానికి ఒప్పుకోవాలన్న నిర్బంధం మనకు లేదు.)

జవాబు: ఏవియానిక్స్ మనిషి

‘పుల్ అప్’ సంగతి నేను చెబుతాను. ఇంజనీర్ డాన్ బేట్‌మన్ రూపొందించిన తొలి భూసామీప్య హెచ్చరిక వ్యవస్థ ప్రధానంగా రేడియో ఆల్టిమీటర్‌పై (రేడియో తరంగాలతో కింది నేల నుంచి ఎత్తును కొలిచే పరికరం) ఆధారపడేది. అది కిందికి మాత్రమే చూడగలదు కాబట్టి, ఎదురుగా నిటారుగా లేచిన కొండ ఉంటే హెచ్చరిక చివరి క్షణాలలో వచ్చేది. 1995 డిసెంబర్ 20న కొలంబియాలోని కాలి నగరం దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 757 పైలట్లు హెచ్చరిక వినగానే పూర్తి థ్రస్ట్ ఇచ్చి విమానం ముక్కు పైకి లేపారు. కాని అంతకుముందు తెరిచిన స్పీడ్‌బ్రేకులు (వేగాన్ని తగ్గించడానికి రెక్కలపై లేచే పలకలు) మూయకుండా ఉండిపోయాయి, విమానం కొండ శిఖరాన్ని దాటలేకపోయింది. తరువాత వచ్చిన మెరుగైన వ్యవస్థ విమానం ఉన్న స్థానాన్ని ప్రపంచ భూతల సమాచారంతో పోల్చి, ముందున్న కొండను సుమారు ఒక నిమిషం ముందుగానే చెప్పగలదు.

వినిపించే మాటలలో రెండు తరగతులు ఉన్నాయి. ‘సింక్ రేట్’ (మరీ వేగంగా దిగుతున్నాం), ‘గ్లైడ్ స్లోప్’ (దిగవలసిన వాలు కంటే కిందికి వచ్చాం) వంటివి జాగ్రత్త సూచనలు, వెంటనే మార్గాన్ని సరిచేయాలి. ‘పుల్ అప్’ అన్నది హెచ్చరిక. ఆటోపైలట్ తీసివేసి, రెక్కలు సమంగా ఉంచి, పూర్తి థ్రస్ట్‌తో పైకి లేపాలి, స్పీడ్‌బ్రేకులు మూశామో లేదో చూసుకోవాలి, నేల నుంచి తప్పించుకున్నామని ఖాయమయ్యేదాకా గేర్‌నూ ఫ్లాప్‌లనూ కదపకూడదు. పగటి వెలుగులో, నేల స్పష్టంగా కనిపిస్తూ, ముప్పు లేదని నిస్సందేహంగా తెలిసినప్పుడు మాత్రమే చాలా సంస్థలు దీనికి మినహాయింపు ఇస్తాయి. రాత్రి వేళ, మేఘాలలో ఆ మినహాయింపు లేదు. అది తప్పుడు హెచ్చరికా కాదా అన్న చర్చ పైకి లేచిన తరువాతే. 2012 మే 9న ఇండోనేసియాలో సలక్ పర్వతాన్ని ఢీకొన్న సుఖోయ్ సూపర్‌జెట్‌లో, హెచ్చరిక తప్పని భావించి సిబ్బంది వ్యవస్థనే ఆపివేశారు, 45 మంది మరణించారు.

జవాబు: పాత లాగ్‌బుక్

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను, కాని గో అరౌండ్ ఏ కష్టమూ లేని పని అన్న అభిప్రాయం కలగకూడదు. బరువు తక్కువగా ఉన్న విమానంలో పూర్తి థ్రస్ట్ ఇచ్చినప్పుడు, ఆ వేగవృద్ధి వల్ల ముక్కు విపరీతంగా పైకి లేస్తున్నట్టు చీకటిలో శరీరం భ్రమిస్తుంది, దానిని నమ్మి కిందికి నెట్టే ప్రమాదం ఉన్నది. 2016 మార్చి 19న రష్యాలోని రోస్తోవ్‌లో రెండోసారి గో అరౌండ్ చేస్తూ ఫ్లైదుబాయ్ విమానం కూలిపోయింది, 62 మంది చనిపోయారు. సిమ్యులేటర్‌లో ఎక్కువగా అభ్యసించేది ఒక ఇంజన్ ఆగిపోయినప్పటి గో అరౌండ్. రెండు ఇంజన్లూ పనిచేస్తున్నప్పుడు, అనుకోని ఎత్తులో, గాలివానలో చేయవలసినది తక్కువగా అభ్యసిస్తారు. గో అరౌండ్ చేసిన పైలట్‌ను సంజాయిషీ అడిగే సంస్థలో ఆ 3 శాతం పెరగదు.

ప్రశ్న: గగనవీక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క అనుబంధ సందేహం: 500 అడుగుల దిగువన ఒక గాలి తెమ్మెరకు వేగం ఒక్క క్షణం పెరిగినా గో అరౌండ్ చేయవలసిందేనా? నేలను తాకిన తరువాత కూడా మనసు మార్చుకోవచ్చా?

జవాబు: కుడిసీటు

క్షణికమైన తేడా అస్థిరత కాదండీ. పక్కనున్నవారు ‘స్పీడ్’ అంటారు, నడుపుతున్నవారు సరిచేస్తారు. సరికాకుండా నిలిచిపోతేనే గో అరౌండ్. నేలను తాకిన తరువాత కూడా రివర్స్ థ్రస్ట్ (ఇంజన్ల నెట్టుడును ముందువైపుకు మళ్లించి విమానాన్ని నెమ్మదింపజేసే ఏర్పాటు) తెరవనంతవరకు తిరిగి లేవవచ్చు. తెరిచిన తరువాత మాత్రం ఆగి తీరాలి, ఎందుకంటే రివర్సర్లు మూసుకొని ఇంజన్లు మళ్లీ ముందుకు నెట్టేసరికి రన్‌వే అయిపోతుంది. మంగళూరులో రివర్సర్లు తెరిచిన తరువాతనే కెప్టెన్ తిరిగి లేవడానికి ప్రయత్నించారు.