శనివారం డాక్యుమెంటరీ షో: పనులు, ఫ్లయర్ ఫొటో

అందరికీ నమస్తే. హాలు 4 నుంచి 8 దాకా మనదే, అడ్వాన్స్ కట్టేశాం. కుర్చీలు వేయడానికి ఆరుగురు కావాలి, ముగ్గురే పేర్లిచ్చారు. ప్రొజెక్టర్ నేను తెస్తా.

నా బాధంతా ఫ్లయర్ గురించి. పైన "నల్లమల యురేనియం గని" అని పెద్దక్షరాలు, కింద కాళ్ళు వంకర తిరిగిన పిల్లాడి ఫొటో. అది ఫ్లోరోసిస్. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర, మా మేనత్తకు మెడ తిరిగేది కాదు, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే కర్ర ఆనించుకుని మనిషి మనిషంతా ఇటు తిరిగేది. ఆ జబ్బు గనితో రాలేదు, రాళ్ళలోని ఫ్లోరైడ్ బోరు నీళ్ళలో కలిసి వచ్చింది. రెండూ కలిపేస్తే నల్లగొండ వాళ్ళెవరూ మనల్ని నమ్మరు. పైగా నల్లమలలో యురేనియం గని తవ్వనే లేదు.

– అక్కా, ఫొటో నెట్‌లో దొరికింది. అలాంటిది పెడితేనే జనం ఆగి చూస్తారని పెట్టాను. గని లేకపోతే మరి 2019 గొడవంతా దేనికి?

తమ్ముడూ, ఆ సంవత్సరం మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సరే అంది. అన్వేషణ అంటే బోర్లు వేసి ఖనిజం ఎంతుందో చూడటం. కానీ బోర్లు వేయాలంటే అడవిలోకి బండ్లు పోవాలి, దారులు పడాలి. అక్కడ చెంచుల పెంటలున్నాయి, అంటే వాళ్ళ గూడేలు, అడవిలో బతికేవాళ్ళకు హక్కులిచ్చే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, వాళ్ళను అడగకుండా ఎట్లా అన్నదే గొడవ. సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఫ్లయర్ మీద ఈ మాటలే రాయి, చాలు.

ఆ పిల్లాడి ఫొటో మాత్రం తీసెయ్. వాళ్ళమ్మను ఎవరడిగారు? హక్కుల సినిమాకి పిలుస్తూ ఒక పిల్లాడిని అడక్కుండా గోడకెక్కిస్తామా?

– అచ్చంపేట నుంచి నేను. అక్క చెప్పింది కరెక్ట్. ఇంకోటి, సినిమాలో మన వైపు ఊళ్ళు లేవు. అందుకే ముందు పది నిమిషాలు మన సంగతి చెప్పాలి. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గని పెడతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు జనం ఎందుకు ఎదురు తిరిగారో ఇక్కడి పిల్లలకు అసలు తెలియదు. నాగార్జునసాగర్ పక్కనే కదా, హైదరాబాద్ తాగేది కూడా కృష్ణా నీళ్ళేనని చెబితే చాలు, అర్థమవుతుంది.

– మరి చర్చకు పావుగంటే ఉంది, భోజనాలు లేటవుతాయి.

అవనీ అన్నా. చర్చ 45 నిమిషాలు పెడదాం, డ్యాన్స్ ఐటం వచ్చే నెల పండక్కి పెట్టుకుందాం. గని వస్తే ఉద్యోగాలొస్తాయి అనేవాళ్ళూ వస్తారు, వాళ్ళ మాటా పూర్తిగా వినాలి, మైకు లాక్కోవద్దు. దేవరకొండలో మా చిన్నాన్న కొడుకు అదే మాట అంటాడు, పని లేక హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు మరి.

– అక్కా, ఫొటో తీసేశాను. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ నుంచి నేను తీసిన అడవి ఫొటో ఉంది, పెట్టనా?

పెట్టు తమ్ముడూ. ప్రింటుకిచ్చే ముందు తెలుగు అక్షరాలు ఒకసారి నాకు చూపించు. కుర్చీలకు ఇంకా ముగ్గురు కావాలి.