గాజువాకను ఉక్కు ఫ్యాక్టరీ పుట్టించిందా, అంతకుముందే ఉందా?

సెక్టార్ ఐదు:
నిన్న ఒకాయన "గాజువాక ఎప్పటినుంచో ఊరే" అని రాశారు. ఊరే, కాదనను. కానీ 1971 జనవరి 20న ఇందిరా గాంధీ విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేయకపోతే ఈ షోరూములు, ఈ ట్రాఫిక్ ఎక్కడివి? పాత గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా హైవే పక్కన వ్యాపారం ఒకటో తారీఖు జీతాల మీద పెరిగిందే.

మింది మాష్టారు:
భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ ఫ్యాక్టరీ, బీహెచ్‌పీవీ, 1966. కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ 1967. ఉక్కు కంటే ముందే ఇక్కడ సైరన్ మోగింది.

సెక్టార్ ఐదు:
వాటితో ఇంత ఊరు పెరుగుతుందా మాష్టారూ?

మింది మాష్టారు:
పెరగడం తర్వాత. ముందు వచ్చాయా లేదా?

కొండగాలి:
పక్కనే సముద్రం, చెమట మాత్రం ఆరదు. యారాడ కొండ అడ్డం. దీని గురించి ఎవరూ కొట్లాడరేం?

ఆర్‌కార్డు:
'వాక' అంటే ఏరు. ఏటి పేరున్న ఊరు ఫ్యాక్టరీతో పుట్టిందట! ఉక్కు కోసం 64 ఊళ్ళు లేచిపోయాయి. నా పేరులోని ఆర్‌కార్డు ఆ నిర్వాసితులకిచ్చిందే. ప్రహరీ పక్క నుంచి బస్సు పోతుంటే మా నాయనమ్మ కిటికీలోంచి వేలు చూపించి "అదిగో, మన జీడితోట" అనేది. నాకు చిమ్నీ పొగే కనిపించేది.

సెక్టార్ ఐదు:
బాధ నిజమే. కానీ 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అండీ అది. వద్దంటారా?

ఆర్‌కార్డు:
వద్దని ఎక్కడన్నాను? మేం చదివిన బడిలో నిర్వాసితుల కాలనీ పిల్లలకి వెనక బెంచీ, ఫ్యాక్టరీ క్వార్టర్ల పిల్లలకి ముందు బెంచీ. మీరు ముందు బెంచీలో కూర్చునే ఉంటారు.

సెక్టార్ ఐదు:
కూర్చున్నాను. నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక గాజువాకలో ఇల్లు వెతికితే, "బయటివాళ్ళా?" అని ఓనరు అడ్వాన్సు రెట్టింపు అడిగాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంకెన్నేళ్ళుంటే లోకల్ అవుతాం?

మింది మాష్టారు:
2005లో గాజువాక కార్పొరేషన్‌లో కలిసింది. ఇప్పుడందరూ వైజాగ్ వాళ్ళే.

కొండగాలి:
అయినా మా ఇంట్లో జగదాంబ సెంటర్‌కి బయల్దేరితే "వైజాగ్ వెళ్తున్నాం" అనే అంటారు మాష్టారూ.

ఆర్‌కార్డు:
ఐదుగారూ, మీ నాన్నగారు మొదట ఏ స్టేషన్లో దిగారు?

సెక్టార్ ఐదు:
దువ్వాడ. ట్రంకుపెట్టె, పరుపుచుట్టతో. ఎవరో ఎడ్లబండి మీద ఎక్కించుకున్నారట. కిరాయి తీసుకోలేదని ఇప్పటికీ చెప్తారు.

ఆర్‌కార్డు:
మా వైపు బళ్ళే అవి.