పిల్లల కార్ సీటు బెల్టులు మెషిన్‌లో వేయొచ్చా, వద్దా?

రెండేళ్ల_పాప_అమ్మ:
పాపకి కడుపులో ఇన్‌ఫెక్షన్. కారులో వెళ్తుండగా ఒకేసారి వాంతి, విరేచనం రెండూ అయిపోయాయి. సీటు కవరు ఊడదీసి ఉతికేశాను, దానితో ఇబ్బంది లేదు. గొడవంతా బెల్టులతోనే. భుజాల పట్టీల నేతలోకి వాంతి ఇంకిపోయింది. కాళ్ల మధ్య పట్టీ సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఎంత తుడిచినా గుడ్డకి పసుపు అంటుతూనే ఉంది, వాసన పోవట్లేదు. మావారు బెల్టులు విప్పి వాషింగ్ మెషిన్‌లో వేసేద్దాం అంటున్నారు. మా ఆడపడుచు వద్దంటే వద్దంటోంది. మాన్యువల్‌లో ఉన్నది ఒక్క మాట: బెల్టులను తేలికపాటి సబ్బు నీళ్లతో తుడవాలి, నీళ్లలో ముంచకూడదు. ఎందుకో రాయలేదు. ఎవరి మాట వినాలి?

వెనకసీటు_కాపలా:
మీ ఆడపడుచు మాటే వినండి. కారణం రాయలేదన్నారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఆ పట్టీ చూడటానికి బట్టలా ఉంటుంది గానీ దాని పని వేరు. ఈ సీట్లను పరీక్షించేటప్పుడు గంటకి దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దుకున్నట్టు చేస్తారు. ఆ క్షణంలో పిల్లకి బదులు సీటులో కూర్చోబెట్టిన బొమ్మ బరువంతా ఆగేది ఈ సన్నటి పట్టీల మీదే. పట్టీ తెగకూడదు, అలాగని ఇనుప కడ్డీలా బిగుసుకుపోనూ కూడదు. కొద్దిగా సాగుతూ ఆపాలి. ఎంత సాగాలన్నది నేతలోనే కుదిరి ఉంటుంది. మెషిన్‌లో మెలితిరిగి, రాసుకుని, వేడికి గురైతే అది మారిపోవచ్చు. అంచులు పీచులు లేస్తాయి. సీటు ముందు భాగంలో బిగించే లాక్ ఉంటుంది కదా, అది పళ్లతో పట్టీని కరిచి పట్టుకుంటుంది. పట్టీ మందం మారితే ఆ పట్టు కూడా మారొచ్చు.

అన్నిటికంటే నాకు భయం ఏమిటంటే, పాడైన పట్టీ పైకి పాడైనట్టు కనిపించదు. ఉతికి ఆరేస్తే కొత్తదానిలా మెరుస్తుంది. ఇంట్లో దాన్ని పరీక్షించే మార్గం ఎవరి దగ్గరా లేదు.

శుభ్రత_ముందు:
అన్నా, ప్రమాదం ఎప్పుడో జరగొచ్చు, జరక్కపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ మాత్రం ఇప్పుడే ఇంట్లో ఉంది. పిల్లలకి ఇలా వాంతులు విరేచనాలు కలిసి వస్తే చాలాసార్లు నోరోవైరస్ అయి ఉంటుంది. అది సీటు మీద రోజుల తరబడి బతికి ఉంటుంది. శానిటైజర్‌కి సరిగ్గా లొంగదు. గట్టి ఉపరితలాలకి డాక్టర్లు చెప్పేది బ్లీచ్ ద్రావణమే. మీరేమో తడి గుడ్డతో తుడిచి ఊరుకోమంటున్నారు. పాప ఆ పట్టీని నోట్లో పెట్టుకుంటుంది కదా! ఆ పట్టీలు చాలావరకు పాలిస్టర్. పలచని బ్లీచ్‌కి నైలాన్ దెబ్బతింటుంది గానీ పాలిస్టర్ బాగా తట్టుకుంటుంది. ఒకసారి పలచగా కలిపి తుడిస్తే కొంపలేం మునగవు.

వెనకసీటు_కాపలా:
నోరోవైరస్ గురించి మీరు చెప్పింది నిజం. ఆ భయాన్ని నేను తీసిపారేయను. పాలిస్టర్ మాట కూడా తప్పు కాదు. కానీ బెల్టు అంటే పట్టీ ఒక్కటే కాదు కదండీ. దాన్ని కుట్టిన దారం ఏదో మీకు తెలుసా? నాకు తెలియదు. పట్టీ మడిచి కుట్టిన చోటే బరువంతా పడేది, దారం నైలాన్ అయితే మీరు చెప్పిన లెక్కే దానికి ఎదురు తిరుగుతుంది. పైగా బట్టలుతికే పొడుల్లో చాలావాటిలో క్షారం ఉంటుంది, పాలిస్టర్‌కి గాఢమైన క్షారం పడదు. తయారుచేసినవాళ్లు ఏ రసాయనంతో పరీక్షించలేదో దాన్ని మనం పాప భుజాల మీద ప్రయోగం చేయకూడదు.

ఇంకో సంగతి. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచినప్పుడు జరిగేది వైరస్‌ని చంపడం కాదు, దాన్ని అక్కడి నుంచి తీసేయడం. అందుకే ఒకే గుడ్డతో అటూఇటూ రుద్దకుండా ప్రతి తుడుపుకీ శుభ్రమైన గుడ్డ వాడాలి. చేతికి గ్లోవ్స్ వేసుకుని, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నేల లాంటి గట్టి ఉపరితలాల మీద బ్లీచ్ వాడుకోండి. బెల్టు మీద, బకిల్ మీద, కవరు కింద ఉండే థర్మాకోల్ మీద మాత్రం వద్దు. ఆ థర్మాకోల్‌ని పెయింట్ థిన్నర్ లాంటివి కరిగించేస్తాయి కూడా. దాన్ని తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, అంతే.

ముగ్గురు_మేనల్లుళ్లు:
ఇందాకటి నుంచీ అందరూ పట్టీల గురించే మాట్లాడుతున్నారు. బకిల్ గురించి అడగరేం? నాకు అదే అసలు ప్రమాదం అనిపిస్తుంది.

వాంతి ఎప్పుడూ కిందికే జారుతుంది. కిందున్నది బకిల్. ఎర్ర బటన్ పక్కన సందులోంచి లోపలికి దిగి, ఎండి, గట్టిపడుతుంది. అప్పుడు బకిల్‌లోకి దూర్చే పట్టీ నాలుక లోపలికి పోయినట్టే ఉంటుంది గానీ పూర్తిగా పట్టదు. టక్కుమని గట్టిగా వినిపించాల్సిన చప్పుడు మెత్తగా వస్తుంది, లేదా రెండో ప్రయత్నానికి గానీ రాదు. లాగి చూస్తే ఊడిపోవచ్చు. చాలా సీట్లలో బకిల్‌ని కింద నుంచి తీసేయొచ్చు. ఒక కప్పులో గోరువెచ్చని నీళ్లు పోసి, బకిల్‌ని మాత్రమే అందులో ఆడిస్తూ ఎర్ర బటన్ పదేపదే నొక్కండి. పట్టీ తడవకుండా పైకి పట్టుకోండి. లోపలి నుంచి మురికి తేలుతుంది, నీళ్లు మార్చి మళ్లీ చేయండి. సబ్బు వద్దు, నూనె అసలే వద్దు. తలుపు గడియకి వేసినట్టు నూనె వేస్తే దానికి దుమ్ము అంటుకుని ఇంకా బిగుసుకుపోతుంది. కొన్ని కంపెనీలు ఇలా కడగడానికి కూడా ఒప్పుకోవు, ముందు మాన్యువల్ చూసుకోండి.

కవల_నాన్న:
అన్ని సీట్లకీ ఒకటే సూత్రం అనడం సరికాదండీ. మా సీటు మాన్యువల్‌లో పట్టీలు విప్పి చేత్తో ఉతకొచ్చని స్పష్టంగా రాశారు. ఉతికాం. కంపెనీయే ఒప్పుకున్నప్పుడు ముంచడమే పాపం అన్నట్టు భయపెట్టడం దేనికి? ఇలా టెన్షన్ పెడితే కొందరు వాసన కొట్టే సీటు పక్కన పెట్టేసి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. అది అన్నిటికంటే ఘోరం.

వెనకసీటు_కాపలా:
మీ కంపెనీ ఒప్పుకుంటే మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరే. ఆవిడ మాన్యువల్ ముంచొద్దు అంటోంది, కాబట్టి ఆవిడకి మీ అనుమతి పనికిరాదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం గురించి మీరన్నది మాత్రం అందరూ చదవాలి. వాసన వచ్చే సీటులో పిల్ల క్షేమంగా ఉంటుంది, ఒళ్లో ఉండదు.

శుభ్రత_ముందు:
బెల్టు మీద బ్లీచ్ వద్దన్న మాట ఒప్పుకుంటున్నా, ఆ దారం సంగతి నేను ఆలోచించలేదు. కానీ తుడిస్తే చాలు అన్నదానికి ఇంకా ఒప్పుకోను. నేత లోపలికి ఇంకింది పైపైన తుడిస్తే రాదు. అలాంటప్పుడు పట్టీలు మార్చేయడమే మార్గం. చాలా కంపెనీలు విడిగా కొత్త బెల్టులు అమ్ముతాయి, దాని గురించి ఎవరూ చెప్పరేం?

ముగ్గురు_మేనల్లుళ్లు:
ఆ మాట నాకూ నచ్చింది. కాకపోతే అదే కంపెనీ, అదే మోడల్‌కి చెందినవే కొనాలి. ఆన్‌లైన్‌లో అన్నిటికీ సరిపోతాయని అమ్మేవి ముట్టుకోవద్దు. కవరు విషయంలో కూడా అంతే, సీటుతో వచ్చిన కవరుతోనే దాన్ని పరీక్షించి ఉంటారు.

రెండేళ్ల_పాప_అమ్మ:
అందరికీ థాంక్స్. కంపెనీకి ఫోన్ చేశాను. బెల్టులు, బకిల్ కలిపి సెట్టుగా దొరుకుతాయన్నారు, ఆర్డర్ పెట్టాం. బకిల్ ఇప్పుడు టక్కుమనట్లేదు, అందుకే అవి వచ్చేదాకా మా ఆడపడుచు వాళ్ల సీటు తీసుకుంటున్నాం. ఒక్కటే భయం, మళ్లీ బిగించేటప్పుడు తప్పు చేస్తానేమో.

వెనకసీటు_కాపలా:
ఆ సీటు మీ పాప ఎత్తుకీ బరువుకీ సరిపోతుందా, ఎప్పుడైనా ప్రమాదంలో ఉందా అని అడిగి తీసుకోండి. మీ సీటు విప్పేముందు ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకోండి, వెనక పట్టీలు కలిసే ఇనుప ముక్కని దగ్గరగా తీయండి. సీటు కారు వెనక్కి తిరిగి ఉంటే భుజాల పట్టీ పాప భుజాలకి సమానంగా గానీ కాస్త కిందగా గానీ ఉండే రంధ్రంలోంచి రావాలి. ముందుకి తిరిగి ఉంటే సమానంగా లేదా కాస్త పైనుంచి. పట్టీ ఎక్కడా మెలిపడకూడదు. బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్లతో నిలువుగా గిల్లి చూడండి, మడత వేళ్లకి చిక్కితే ఇంకా బిగించాలి. ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.