సాఫ్ట్ మెషీన్ ‘అదర్ డోర్స్’ విన్నవాళ్లు చెప్పండి

అమలాపురం_రికార్డులు: బ్రిటిష్ జాజ్-రాక్ బ్యాండు సాఫ్ట్ మెషీన్ వాళ్ల ‘అదర్ డోర్స్’ ఎల్పీ (పెద్ద రికార్డు) కొనాలా, ఫోన్‌లో విని ఊరుకోవాలా? వాళ్లవి నాకు ‘థర్డ్’ ఆల్బం ఒక్కటే తెలుసు. ఇంకోటి, మన తేమకి ఎల్పీ అట్టలన్నీ బూజు పడుతున్నాయి. మీరెలా దాస్తున్నారు?

కోనసీమ_జాజ్: ‘థర్డ్’ని తలచుకుని కొనకండి. అందులో పాటకో వైపు. ఇందులో అన్నీ చిన్నవే. 1973 నాటి వాళ్ల పాట ‘పెన్నీ హిచ్’ మళ్లీ వాయించారు. థియో ట్రావిస్ ఫ్లూట్ కోసమైనా వినాలి.

భీమవరం_బాస్: 2023లో వచ్చింది ఇంకా కొత్తదేనా? అయినా ‘మళ్లీ’ వాయించింది ఎవరండీ? 1966లో మొదలెట్టిన వాళ్లలో ఒక్కడూ లేడు. మొదటి నుంచీ కీబోర్డు వాయించిన రాట్లెడ్జ్ కూడా 1976లోనే బయటికెళ్లిపోయాడు. పేరు అమ్ముకుంటున్నారంతే.

కోనసీమ_జాజ్: డ్రమ్మర్ జాన్ మార్షల్ 1972లో వచ్చాడు, గిటారిస్ట్ ఎథరిడ్జ్ 1975లో. వీళ్లు నిన్న మొన్న చేరినవాళ్లా? 2015 దాకా పేరు చివర ‘లెగసీ’ అని పెట్టుకునే తిరిగారు. మార్షల్ డ్రమ్స్ వాయించిన ఆఖరి ఆల్బం ఇది. అదే ఏడాది పోయాడు. కాస్త మర్యాద ఉండాలి.

తణుకు_క్లారినెట్: మా బ్యాండు మేళం ఇప్పటికీ తాతగారి పేరు మీదే నడుస్తోంది. ఆయన లేరు, ఆయన పక్కన ఊదినవాళ్లూ లేరు. మరి నేను పేరు అమ్ముకుంటున్నట్టేనా? ఇక ఈ జాజ్-రాక్ వాళ్లు ఏడు దెబ్బల తాళం వేస్తే అందరూ నోరు తెరుస్తారేంటో. మాకది మిశ్రచాపు. మా డోలు కుర్రాడు నిద్రలో కూడా వేస్తాడు.

భీమవరం_బాస్: ఊరేగింపులో సినిమా పాటలు ఊదేవాళ్లు జాజ్ పాఠాలు చెబుతున్నారు! తాళం తెలిస్తే సరిపోదండి, అక్కడికక్కడ అల్లుకుపోవాలి.

తణుకు_క్లారినెట్: మాట జాగ్రత్త. పెళ్లికూతురు వాళ్లు గంట ఆలస్యం చేస్తే ఒక్క పాటని గంట లాగుతాం, దాన్నేమంటారో మీరే చెప్పండి. మాండొలిన్ శ్రీనివాస్ గారి నాన్నగారు ఊదిందీ క్లారినెట్టే.

పాలకొల్లు_కుర్రాడు: ఆయ్, మా ఊరాయన పేరు వచ్చింది! గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన ‘రిమెంబర్ శక్తి’ బ్యాండులో వాయించారండి. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలుగా. ఆయన ఎలక్ట్రిక్ దానికి ఐదు ఒంటి తీగలే. గమకం అందుకే అంత నున్నగా పలికేది. ఆ సాఫ్ట్ మెషీన్ పక్కన పెట్టి మెక్‌లాఫ్లిన్ బ్యాండు శక్తి ఆల్బం ‘దిస్ మొమెంట్’ వినండి, గ్రామీ వచ్చింది.

రాజోలు_రాత్రి: శక్తికి ఇంకో చర్చ పెట్టుకోండి బాబూ, ఇది ప్రోగ్రెసివ్ రాక్ వాళ్లది. అమలాపురం గారూ, ఎల్పీలు నిలబెట్టి ఉంచండి, గోడకి ఆనించొద్దు. ప్లాస్టిక్ కవర్లు మూతి బిగించేస్తే లోపలే చెమ్మ పడుతుంది.

భీమవరం_బాస్: గ్రామీ వస్తే గొప్పదైపోతుందా?

పాలకొల్లు_కుర్రాడు: మీకు రాలేదుగా!

తణుకు_క్లారినెట్: తమ్ముడూ, ఆ ఐదు తీగలది ఇప్పుడు ఎవరు చేసిస్తున్నారు? మావాడు ప్రాణం తీస్తున్నాడు.

పాలకొల్లు_కుర్రాడు: మెసేజ్ పెట్టాను బాబాయ్, చూడండి. ఇక్కడ రాస్తే భీమవరం వాళ్లు మళ్లీ మొదలెడతారు.